ఏదొచ్చినా పట్టే చేతులు

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే." ప్రొడక్షన్ సపోర్ట్ నెత్తిన పడినప్పుడల్లా మా టీమ్ లీడ్ అనే మాట ఇది. నవ్వేసి ఊరుకునేవాళ్ళం. ఈమధ్య ఆలోచిస్తే, ఆ సామెతలో ఒక వృత్తికి కావాల్సిన అర్హత మొత్తం ఉందనిపించింది. మరి, ఏదొచ్చినా పట్టగలిగిన మనిషికి పై మెట్టు ఏమిటి?

ఇంగ్లండ్‌లో 1902 నాటి చట్టం మంత్రసానికి శిక్షణ, పరీక్ష, రిజిస్టర్‌లో పేరు ఇచ్చింది. మరుసటి ఏడాది లేడీ కర్జన్ మన దేశంలో దాయీల శిక్షణకి విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్స్ ఫండ్ పెట్టారు. చేతుల శుభ్రత, బొడ్డు కోసే పనిముట్టు శుభ్రత అవసరమే, కాదనను. కానీ అక్కడ అది వృత్తి అయింది. ఇక్కడ చాలాచోట్ల కింది కులాల స్త్రీలు చేసే పని కాబట్టి, దిద్దాల్సిన అలవాటుగానే మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో ఏఎన్ఎంలు వచ్చారు. రెండేళ్ళ కోర్సు, అందులో కాన్పులే ప్రధానం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వాళ్ళని అన్ని పనులూ చేసే ఆరోగ్య కార్యకర్తలుగా మార్చమంది. 1977లో కోర్సు 18 నెలలకి తగ్గింది. టీకాలు, కుటుంబ నియంత్రణ, రిజిస్టర్లు వచ్చి చేరాయి. పేరులో 'మిడ్‌వైఫ్' ఉండిపోయింది, పనిలో పక్కకి జరిగింది. ప్రమోషన్ వస్తే ఆరు నెలల శిక్షణ తీసుకుని లేడీ హెల్త్ విజిటర్ కావచ్చు. అంటే ఇతరుల పని చూసే సూపర్‌వైజర్. పైకెళ్ళేకొద్దీ కాన్పుకి దూరం.

ఇది మాకూ తెలిసిన కథే. బాగా కోడ్ రాసేవాణ్ణి మేనేజర్ని చేసి కోడ్‌కి దూరం చేస్తాం. కాకపోతే మాకు ప్రిన్సిపల్ ఇంజనీర్ అనే ఇంకో నిచ్చెన ఉంది. పని వదలకుండానే ఎదగొచ్చు. మంత్రసానికి ఆ నిచ్చెన ఎవరూ వెయ్యలేదు.

దాని ఫలితం కొంతవరకైనా మన ఇళ్ళల్లోనే కనబడుతుంది. మా అమ్మ మంత్రసాని చేతుల్లో పుట్టింది. నేను సర్కారు దవాఖానాలో నర్సమ్మ చేతుల్లో. మా పాప ఆపరేషన్ థియేటర్‌లో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. మామూలు కాన్పుని ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చునే నిపుణురాలు లేకపోవడం వాటిలో ఒకటని నా నమ్మకం.

2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థలతో కలిసి నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం ఇలాంటి శిక్షణకే దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 చట్టం నర్సింగ్ పక్కన మిడ్‌వైఫరీ పేరు కూడా పెట్టింది. బాగుంది. కానీ శిక్షణ పొందిన నర్సుని మళ్ళీ ఏ జ్వరాల వార్డుకో వేస్తే, ఆ 18 నెలలూ నీళ్ళపాలే. ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా ఆమె లేబర్ రూమ్‌లోనే ఉండాలి. పెద్ద హోదాలో, పెద్ద జీతంతో, కొత్తవాళ్ళకి పట్టడం నేర్పుతూ.