సినిమా సంస్థల చిహ్నాలు, ప్రారంభ ధ్వనులు

తెలుగు సినిమాలో సెన్సార్ సర్టిఫికెట్ వెనకాలే తెరమీదికి వచ్చే నిర్మాణ సంస్థ గుర్తు, దానితోపాటు వినిపించే సంగీతం. పరిశ్రమలో దీన్ని లోగో అంటారు. హాల్లో కూర్చున్నవారికి మాత్రం ‘బొమ్మ పడింది’ అన్నదానికి అదే ఆనవాలు. సైకిల్ స్టాండు దగ్గర ఆలస్యమైనవాడు ఆ సంగీతం చెవిన పడగానే పరుగందుకుంటాడు.

ఈ అలవాటు హాలీవుడ్‌ది. ఎమ్‌జీఎమ్ సింహం 1924లో మూకీ తెరపైకి వచ్చింది. దాని గర్జన వినడానికి ప్రేక్షకులు 1928 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత ఫాక్స్‌తో కలిసిన ట్వంటీయత్ సెంచురీ సంస్థకు ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ 1933లో కట్టిన బాకా సంగీతం ఇప్పటికీ మోగుతూనే ఉంది. అయితే మన ప్రేక్షకుడికి ఇది పూర్తిగా కొత్త కాదు. పద్యనాటకానికి తెర లేవకముందు పాత్రధారులంతా కలిసి హార్మోనియం శ్రుతిలో ప్రార్థన పాడేవారు. మెదక్ ప్రాంతంలోనూ, పక్కనున్న నిజామాబాద్ పల్లెల్లోనూ ఆడే చిందు భాగోతానికీ దేవతాస్తుతే మొదలు. తెలుగు బ్యానర్లలో దేవుళ్లు అంత తరచుగా కనిపించడానికి హాలీవుడ్ కన్నా ఈ రంగస్థల సంప్రదాయమే పెద్ద కారణమనిపిస్తుంది.

మద్రాసు స్టూడియోల కాలంలో ఎస్.ఎస్. వాసన్ జెమినీ సంస్థకు బూరలూదే కవల పిల్లలు గుర్తు. ఆ సంస్థ 1942లో తెలుగులో ‘బాలనాగమ్మ’ తీసింది. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థ తొలి చిత్రం ‘షావుకారు’ (1950). వారి గుర్తు హనుమంతుడున్న జెండా, అంటే భారతంలో అర్జునుడి రథంపై ఎగిరే కపిధ్వజం. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వరసగా వచ్చాక ఆ జెండా కనబడితే చాలు, టికెట్టు డబ్బులు గిట్టుబాటైనట్టేనని జనం నమ్మారు. చిహ్నానికి ఆకర్షణ బొమ్మ అందంవల్ల రాదు, దాని వెనక వచ్చిన సినిమాలవల్ల వస్తుంది. వరసగా నాలుగు ఫ్లాపులు తీసిన సంస్థ లోగోకు ఎవరూ చప్పట్లు కొట్టరు.

దేవుడి చోట ఇంటిపిల్లల్ని నిలబెట్టినవారు డి. రామానాయుడు. 1964లో ‘రాముడు భీముడు’తో మొదలైన సురేష్ ప్రొడక్షన్స్‌కు పెద్దకొడుకు పేరే పెట్టారు. ఎస్, పి అక్షరాలపై నిలబడి కనిపించే పిల్లలిద్దరూ ఆయన కొడుకులు సురేష్, వెంకటేష్. చిన్నవాడు 1986లో అదే సంస్థ తీసిన ‘కలియుగ పాండవులు’తో హీరో అయ్యాడు. లోగోలో పసివాడు, అది దాటగానే ఫైట్లు చేసే కథానాయకుడు! ఇలాంటి విచిత్రం లోకంలో మరే స్టూడియోకైనా దక్కిందా అన్నది అనుమానమే.

అశ్వనీదత్ సంస్థకు వైజయంతీ మూవీస్ అని పేరు పెట్టినది ఎన్.టి. రామారావు. కృష్ణుడి మెడలోని మాల పేరది. చిహ్నంలోనూ కృష్ణుడి వేషంలో శంఖం పూరించేది ఆయనే. తొలి చిత్రం ‘ఎదురులేని మనిషి’ (1975) హీరో కూడా రామారావే. దేవుడూ అభిమాన నటుడూ ఒకే బొమ్మలో కలిశారు కాబట్టి ఈలలు రెండింతలు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ దాకా ఆ శంఖం సాగింది.

తర్వాతి కాలంలో హాలు హంగులే ఆకర్షణయ్యాయి. డీటీఎస్ గుర్తు పడి, చప్పుడు ఈ గోడనుంచి ఆ గోడకు దూకితే దానికీ చప్పట్లే. ఇప్పుడు ఒక్కో సినిమాకు ఇద్దరు ముగ్గురు నిర్మాతలు, సమర్పకులు. లోగోలు క్యూ కడుతున్నాయి. ఒకటి మనసులో నిలిచేలోపే ఇంకొకటి వచ్చి తోసేస్తుంది. ఓటీటీలో చూసేవారు వేలితో వాటన్నిటినీ దాటేస్తారు.

ఈ లోగోల వరసలోకి మరో ధ్వని కూడా వచ్చి చేరింది. 2012 నుంచి పొగాకు వాడకం చూపే సినిమాల మొదట్లో, మధ్యలో హెచ్చరిక ప్రకటన వేయడం తప్పనిసరి అయింది. విని విని జనానికి కంఠతా వచ్చిన ఆ ప్రకటనలోని మాటనే తరుణ్ భాస్కర్ తన సినిమాకు పేరుగా పెట్టుకున్నాడు: ‘ఈ నగరానికి ఏమైంది?’ (2018). నిర్మించింది సురేష్ ప్రొడక్షన్సే.