పేరొచ్చాక ప్రాక్టీస్‌కి వెళ్లిన శాక్సఫోన్ హీరో

మీ ఫీల్డ్‌లో మీకు మంచి పేరొచ్చింది అనుకోండి. అన్నీ ఆపేసి మళ్లీ ప్రాక్టీస్‌కి వెళ్తారా?

1959లో న్యూయార్క్‌లో సానీ రోలిన్స్ అదే చేశారు. అప్పటికి ఆయనకి 28 ఏళ్లు, దాదాపు నా ఏజే. జాజ్‌లో పెద్ద పేరు. కానీ ఆ పేరుకి తగ్గట్టు వాయించట్లేదని ఆయనకే అనిపించింది.

ముందు 1957 నాటి లైవ్ రికార్డింగ్ 'ఎ నైట్ ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్' వినండి. పియానో లేదు. శాక్సఫోన్, బాస్, డ్రమ్స్, అంతే. తడబడితే దాక్కోడానికి చోటే లేదు. ఇంత బాగా వాయించే మనిషికి ఇంకేం ప్రాక్టీస్ అనిపిస్తుంది.

ఇంట్లో వాయిస్తే పక్కింటి గర్భిణికి ఇబ్బంది. అందుకే విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కారు. చలికాలంలో కూడా గంటల తరబడి సాధన. 1961లో తిరిగొచ్చి, 1962లో 'ద బ్రిడ్జ్' ఆల్బమ్ ఇచ్చారు. పక్కన జిమ్ హాల్ గిటార్. కొత్త స్టైల్ ఏదో వస్తుందనుకున్న కొందరు విమర్శకులు నిరాశపడ్డారు.

నేను జాబ్ మానేసినప్పుడు "ఇంతకీ ఏం సాధించావ్?" అని అందరూ అడిగేవారు. నా దగ్గర జవాబు లేదు. ఈ కథ అందుకే నచ్చింది.

చివరగా 'వితౌట్ ఎ సాంగ్'. 2001 సెప్టెంబర్ 11 దాడులప్పుడు ఆయన ఇల్లు ఆ టవర్ల దగ్గర్లోనే. శాక్సఫోన్ పట్టుకుని ఇల్లు వదిలారు. నాలుగు రోజులకే బోస్టన్‌లో ఈ కచేరీ. వయసు 71.

ఈ మూడూ ఇదే వరుసలో వినండి. వంతెన మీద గడిపిన రెండేళ్లు వృథానా కాదా, మీరే చెప్పండి.