తాబేలుకి దారిచ్చే వల

కాకినాడ రేవులో రొయ్యల బోటు వల పైకెత్తితే, వల చివరి సంచికి కాస్త ముందు ఒక లోహపు చట్రం ఉండాలి. కోలగా ఉంటుంది, నిలువునా కమ్మీలు, పక్కన వలకి ఒక కంత. రొయ్యలూ చిన్న చేపలూ కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు పట్టదు, కమ్మీలకి తగిలి, వాలు వెంట జారి, కంతలోంచి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. ఉండాలి అన్నాను గానీ, చాలా బోట్లకి ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే ఇది మన తీరానికి ఎలా వచ్చిందో చూడాలి.

దీన్ని కనిపెట్టింది శాస్త్రవేత్త కాదు, రొయ్యలు పట్టుకునేవాడే. అమెరికాలో జార్జియా తీరాన సింకీ బూన్ అనే ఆయన, 1960ల చివర్లో, జెల్లీఫిష్‌ల బరువుకి వల చిరిగిపోతుంటే విసిగి ఈ చట్రం బిగించాడు. తాబేళ్ల ఊసే లేదప్పుడు. అవీ బతికి బయటపడుతున్నాయని తర్వాత ప్రభుత్వం గమనించింది, 1987లో నిబంధనగా పెట్టింది. అక్కడి జాలర్లు మండిపడ్డారు. మా వలకే చట్రమా, బయటి దేశాల రొయ్యకి అక్కర్లేదా అన్నారు. 1989లో చట్టం వచ్చింది: టెడ్ లేని దేశం రొయ్య మాకొద్దు. మొదట కరీబియన్ వైపు దేశాలకే వర్తించిన ఆ చట్టం, అక్కడి కోర్టు తీర్పుతో 1996 మేలో ప్రపంచం మొత్తానికీ చుట్టుకుంది.

దాంతో మన తీరానికీ సంకటం వచ్చింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలంలో బంగాళాఖాతం ఒడ్డుకి చేరతాయి. ఒడిశాలో లక్షల్లో గుడ్లు పెడితే, హోప్ ఐలాండ్, ఉప్పాడ, అంతర్వేది ఇసుకలో కొన్ని పెడతాయి. తాబేలు నీళ్లలోనే బతికినా ఊపిరికి పైకి రావాలి. గంటల తరబడి ఈడ్చే వలలో చిక్కితే లోపలే చచ్చిపోతుంది. ఆ నెలల్లో కళేబరాలు మన ఒడ్డుకి కొట్టుకురావడం కొత్త వార్తేమీ కాదు.

అమెరికా చట్టంపై భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. భారత్, పాకిస్తాన్ ఒకే పక్షాన కూర్చున్న అరుదైన వ్యాజ్యాల్లో ఇదొకటి. 1998 అక్టోబరులో అప్పిలేట్ సంస్థ తీర్పు చెప్పింది. తాబేలుని కాపాడుకునే హక్కు అమెరికాకి ఉంది. కాని అమలులో వివక్ష చూపింది. కరీబియన్ దేశాలకి మూడేళ్ల గడువు, సాంకేతిక సాయం, ఒప్పందం కోసం చర్చలు. ఆసియా దేశాలకి నాలుగు నెలలు. ముందు కూర్చుని మాట్లాడాల్సింది అని దాని సారాంశం. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. పర్యావరణం పేరుతో మార్కెట్ తలుపు మూయవచ్చు, కాని ముందు అవతలివాడితో మాట్లాడాలన్న మాట చట్టంలోకి ఎక్కింది.

ఆ మాటలు సాగాయి. 2001లో హిందూ మహాసముద్రం, ఆగ్నేయాసియా దేశాల సముద్ర తాబేళ్ల అవగాహన ఒప్పందం అమల్లోకి వచ్చింది, అమెరికా కూడా చేరింది. భారత్ 2007లో సంతకం పెట్టింది. ఈలోగా కొచ్చిలోని మత్స్య పరిశోధన సంస్థ సిఫ్ట్ మన వలలకి తగిన టెడ్ తయారుచేసింది; రొయ్యల నష్టం ఒక శాతం లోపేనని లెక్క చెప్పింది. రియో పర్యావరణ సదస్సు నాటి ఒప్పందాలకి ఆర్థిక దన్నుగా నిలిచిన ప్రపంచ పర్యావరణ నిధి డబ్బు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా గోదావరి ముఖద్వారానికీ వచ్చింది. 2011 తర్వాత ఆ డబ్బుతో నడిచిన ఎగ్రీ ప్రాజెక్టు కోరంగి మడ అడవులతో పాటు కాకినాడ బోట్లనీ పట్టించుకుంది. టెడ్ వాడకం నేర్పించడం ఆ పనుల్లో ఒకటి.

నేర్పించారు, బాగానే ఉంది. కాని అమెరికా బోటుకి రొయ్య ఒక్కటే సరుకు. మన బోటుకి పండుగప్పా కావాలి, చిన్నా పెద్దా చేపలన్నీ డబ్బులే. అమెరికా కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు మించకూడదంటుంది. సిఫ్ట్ అప్పటి డిజైన్‌లో అది ఎక్కువగా ఉండేది. చేప పోకూడదని మనం, చిన్న తాబేలు చిక్కకూడదని వాళ్లు. ఈ పేచీ తెగకముందే 2019లో, సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యని అమెరికా ఆపేసింది. చెరువు రొయ్యకి ఆ బాధ లేదు. భీమవరం చుట్టుపక్కల చెరువుల వనామీ రొయ్య ఈ తాబేలు నిబంధనతో నిమిత్తం లేకుండా ఎగుమతైంది. పెద్ద ఎగుమతి అంతా చెరువులదే కావడంతో, నిషేధం దెబ్బ ఢిల్లీకి గట్టిగా తగల్లేదు. తగిలింది బోటు యజమానికి: వల ఖర్చు తనది, జారిపోయే చేప తనది, అమెరికా ధర మాత్రం తనకి లేదు.