జిగ్‌బీ యూఎస్‌బీ అడాప్టర్

ఇంట్లోని స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, సెన్సర్లను తయారీదారు హబ్ లేకుండా కంప్యూటర్ నుంచే నడిపేందుకు యూఎస్‌బీ పోర్టుకు తగిలించే చిన్న రేడియో పరికరం జిగ్‌బీ యూఎస్‌బీ అడాప్టర్. జిగ్‌బీ అనే వైర్‌లెస్ సాంకేతికతకు ఆధారం 2003లో వెలువడిన ఐఈఈఈ 802.15.4 ప్రమాణం. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 16 ఛానళ్లు, సెకనుకు 250 కిలోబిట్ల వేగం ఉంటాయి. నెట్‌వర్క్‌ను నెలకొల్పేది అడాప్టరే. కరెంటుతో నడిచే బల్బులు, ప్లగ్గులు సందేశాలను ఒకదాన్నుంచి మరొకదానికి అందిస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఎక్కువసేపు నిద్రావస్థలో ఉంటాయి. ఆదేశాలు హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్ ద్వారా ఇంట్లోనే నడుస్తాయి కాబట్టి ఇంటర్నెట్ ఆగినా దీపాలు వెలుగుతాయి. దీని అసలు విలువ అదే. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్ల నుంచి వెలువడే రేడియో రొద ఇదే బ్యాండ్‌లో పడి సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. అందువల్ల అడాప్టర్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కలిపి, కంప్యూటర్‌కు దూరంగా ఉంచుతారు.