పందెపు గుర్రం కాలు: గోదావరి సీమ నుంచి ఒక చారిత్రక పరిశీలన

సంక్రాంతి దాటి తీర్థాలు మొదలయ్యాయంటే పిఠాపురం, తుని వైపు నుంచి ఉత్తరాంధ్ర దాకా ఎడ్ల పరుగుతో పాటు గుర్రాల పరుగు పోటీలూ జోరందుకుంటాయి. ఎవరి గుర్రం గెలిచిందో మర్నాడు ఊరంతా చెప్పుకుంటుంది. ఏ గుర్రం కుంటుతూ ఇల్లు చేరిందో దాని యజమానికి తప్ప ఎవరికీ పట్టదు. మన చరిత్రలోనూ ఇదే జరిగింది. గుర్రాల కొనుగోళ్లు, దండయాత్రలు, ఊరేగింపులు పుస్తకాలకెక్కాయి. వాటిని మోసిన కాళ్ల సంగతి మాత్రం మరుగున పడింది.

రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడు తన ‘హరవిలాసం’లో అవచి తిప్పయసెట్టి ఓడల మీద తెప్పించిన సరుకులు చెబుతూ హురుముంజి గుర్రాలనూ పేర్కొన్నాడు. హురుముంజి అంటే పారశీక తీరంలోని హోర్ముజ్ రేవు. పొడి నేలల్లో పెరిగిన ఆ జంతువు వారాల తరబడి ఓడలో కదలకుండా నిలబడి, తేమ నిండిన మన తీరంలో దిగేది. దారిలో ఎన్ని చచ్చేవో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతను బట్టి ఊహించవచ్చు. విజయనగరాన్నేలిన సాళువ నరసింహుడు సముద్రంలో చచ్చిన గుర్రాలకు కూడా తోక చూపిస్తే డబ్బు చెల్లించేవాడట. అంత ఖరీదైన జంతువును కాపాడుకోవడానికి శాస్త్రమూ పుట్టింది. శాలిహోత్రుడు, నకులుడి పేర్ల మీద, జయదత్తసూరి పేరు మీద సంస్కృతంలో అశ్వవైద్య గ్రంథాలు వచ్చాయి. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసం’ రాశాడు. పేరుకు తగ్గట్టే అందులో గుర్రం లక్షణాలకే పెద్దపీట. ఏ గుర్రాన్ని కొనాలో చెప్పే విద్య మన దగ్గర బాగా పెరిగింది. కొన్న గుర్రాన్ని ఎప్పుడు ఆపాలో చెప్పే విద్య అంతగా పెరగలేదు.

గుర్రపు కాలికి ఎంత ఓర్పు ఉంటుందో గోదావరి సీమలోనే ఒక సంఘటన చూపింది. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషువారి చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని కన్‌ఫ్లాన్స్ రాజమండ్రి దారి పట్టాడు. దారి పొడవునా గుర్రాలు మారుస్తూ ఆ రాత్రికే అక్కడికి చేరాడని చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. ఒకే గుర్రం మీద ఆ దూరం అదే వేగంతో సాగదని యుద్ధంలో ఆరితేరినవాడికి తెలుసు. మార్చుకోవడానికి మరో గుర్రం లేనివాడు ఏం చేస్తాడన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న తర్వాతి కాలంలో జట్కావాలాకు ఎదురైంది. కంకర రోడ్లు వచ్చాక రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వీధుల్లో జట్కాలు తిరిగాయి. గట్టి రోడ్డు మీద గిట్టలు అరిగిపోకుండా లాడాలు కొట్టించేవారు. లాడం గిట్టను కాపాడుతుంది, కానీ రోడ్డు కొట్టే దెబ్బ నేరుగా కీళ్లకు ఎక్కుతుంది. మేకు ఒక వెంట్రుకవాసి లోపలికి దిగినా గుర్రం కుంటుతుంది. స్వాతంత్ర్యం తర్వాత 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. గాయంతోనో రోగంతోనో పనికి పనికిరాని జంతువు చేత పని చేయించడం నేరమని అది చెప్పింది. 1965లో లాడాలు కొట్టేవారికి లైసెన్సు ఉండాలన్న నిబంధనలూ వచ్చాయి. చూడ్డానికి చిన్న విషయమే, కానీ కాలి రోగానికి మూలం గిట్ట దగ్గరే ఉండొచ్చని చట్టం గుర్తించిన సందర్భం అది.

పరుగు పందేన్ని పద్ధతిగా నడిపింది మాత్రం నగరాలే. హైదరాబాదులో 1868లో మౌలాలీలో మొదలైన పందేలు ఆరో నిజాం కాలంలో 1886లో మలక్‌పేటకు మారాయి. కొలిచి తీర్చిన ట్రాకు, పందేనికి ముందు పశువైద్యుడి పరీక్ష, దెబ్బ తగిలిన గుర్రం వివరాల నమోదు వంటి పద్ధతులు రేసుకోర్సులతోనే స్థిరపడ్డాయి. పల్లె పందెంలో ఇవేవీ లేవు.

ఇంతకీ ఆ కాలిలో ఏముంది? ముంగాలి ‘మోకాలు’ అని మనం పిలిచేది నిజానికి మన మణికట్టుకు సమానం. దాని కింద కండ దాదాపు లేదు. ఎముక, దాని వెనక సాగే బిగువైన స్నాయువులు (వాడుకలో నరాలు), పైన చర్మం, అంతే. రక్తప్రసారం తక్కువ కాబట్టి మానడం ఆలస్యం. నాలుగువందల యాభై కిలోల గుర్రం నిండు పరుగులో ఒక్కో క్షణం ఒక్క ముంగాలి మీదే ఆనుతుంది. ఆ క్షణంలో ఆ కాలి మీద పడే భారం వెయ్యి కిలోలు దాటవచ్చు. వెనక నరం వాచి విల్లులా వెనక్కి ఉబ్బడం, మోకాలి ఎముక అంచు చిట్లి కీలులో పలుకు తేలడం, చీలమండ దగ్గర ఎముక నిలువునా చీలడం పందెపు గుర్రాల్లో తరచూ చూసే గాయాలు.

వాచిన నరానికి చాలా చోట్ల చేసిన వైద్యం వాత. మన పల్లెల్లో ఎద్దుకూ గుర్రానికీ ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టినట్టే ఇంగ్లండు పశువైద్యులూ పెట్టేవారు. 1980లలో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి, వాత వల్ల నరం త్వరగా మానదని తేల్చారు. వాత పెట్టిన గుర్రం కోలుకున్నట్టు కనబడిందంటే దానికి కారణం ఆ తర్వాత దొరికిన నెలల విశ్రాంతి.

కాలు పూర్తిగా విరిగితే ఎంత కష్టమో 2006లో ప్రపంచమంతా చూసింది. అమెరికా గుర్రం బార్బారో కుడి వెనుక కాలు పందెం మొదలైన కాసేపటికే విరిగింది. ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది. పేరున్న పశువైద్యులు స్టీలు పలకతో, మరలతో ముక్కలను కలిపారు. ఆ కాలిని ఆనించలేక బరువంతా మిగతా కాళ్ల మీద వేయడంతో గిట్ట లోపలి పొరలు వాచి ఊడిపోసాగాయి. ఎనిమిది నెలలు పోరాడాక 2007 జనవరిలో దానికి నొప్పి లేకుండా మరణమివ్వక తప్పలేదు. మనిషిలా నెలల తరబడి మంచాన పడుకోలేకపోవడమే గుర్రానికి శాపం.

గత నాలుగు దశాబ్దాల్లో తెలిసిన పెద్ద సత్యం మరొకటి ఉంది. చాలా కాళ్లు పందెం రోజున హఠాత్తుగా విరగవు. కాలిఫోర్నియాలో 1990 నుంచి పందెపు గుర్రాల కళేబరాలను కోసి చూస్తున్నారు. ప్రాణాంతకంగా విరిగిన ఎముకల్లో ఎక్కువ వాటిలో అదే చోట ముందునుంచే పాత దెబ్బ కనిపించింది. పరుగులో ఎముకకు సన్నని బీటలు పడుతుంటాయి. శరీరం పాత ఎముకను తొలిచి, ఆ చోట కొత్తది కడుతుంది. తొలిచే పని త్వరగా జరుగుతుంది, కట్టే పనికి నెలలు పడుతుంది. ఈ మధ్యలో పరుగెత్తిస్తే బీట చీలికవుతుంది. రెండు నెలలు, అంతకు మించి ఖాళీగా ఉండి మళ్లీ పరుగులో దిగిన గుర్రాలకు ముంగాలి పైభాగంలోని దండ ఎముక విరిగే ముప్పు ఎక్కువని కూడా తేలింది.

మన తీర్థాల గుర్రానికి ఈ మాట సూటిగా తగులుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం కొట్టంలోనో పెళ్లి ఊరేగింపులోనో గడిపే గుర్రాన్ని పందెం దగ్గర పడేసరికి దౌడుకు దింపుతారు. డెల్టాలో కోతలయ్యాక నల్లరేగడి పైన ఎండి నెర్రెలిస్తుంది, లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది. గిట్ట అలాంటి నేలలో మెలిక పడితే కీలు పక్కకు తిరుగుతుంది. పోనీ తారు రోడ్డు మీద పరిగెత్తిద్దామంటే దెబ్బంతా ఎముకకే. పైపెచ్చు కుంటుతున్న గుర్రానికి నొప్పి తెలియకుండా సూది వేసి దించితే, ఆగమని కాలు చెప్పే ఒక్క మాటనూ నొక్కేసినట్టే.

ఈ ముప్పు తగ్గించడానికి మలక్‌పేట అంత ఏర్పాటేమీ అక్కరలేదు. పందేనికి రెండు నెలల ముందే నడకతో మొదలుపెట్టి దౌడును మెల్లగా పెంచాలి. ముందురోజు పశువైద్యుడు గట్టి నేల మీద గుర్రాన్ని తిన్నగా నడిపించి, పరిగెత్తించి చూడాలి. తల ఊపులో తేడా ఉన్నా, చెయ్యి పెడితే కీలు వేడిగా తగిలినా ఆ గుర్రాన్ని పోటీ నుంచి తప్పించాలి. బరి దున్ని చదును చేయాలి. ఇవన్నీ ఊరి కమిటీ చేతిలో ఉన్న పనులే. ఆరువందల ఏళ్లుగా గుర్రం వేగానికి వెల కడుతూ వచ్చాం. పందెం పెట్టే ప్రతి కమిటీ ఈసారి గెలుపు బహుమతి కంటే ముందు పశువైద్యుడి ఫీజు పక్కన పెట్టాలి.