తామరతంపర

కొత్త దంపతులను పెద్దవాళ్లు తామరతంపరగా వర్ధిల్లమని దీవిస్తారు. తంపర అంటే సమృద్ధి. బురదలో పడ్డ ఒక్క దుంప చెరువంతా ఆకులు పరిచే తీరు చూసి కట్టిన మాటలా ఉంటుంది ఇది. తామర తమిళంలో తామరై, కన్నడంలో తావరె, సంస్కృతంలో తామరసం. ఒంటి మీద చక్రంలా అంచు పెంచుకుంటూ పోయే చర్మరోగానికీ తెలుగులో తామర అనే పేరు. పెరుగుదలలో మంచీ చెడ్డా రెండూ ఈ మాటకు ముందునుంచే తెలుసు.

నీళ్ల మీద తేలే వేరే మొక్కలకూ మనవాళ్లు ఈ పేరే వాడారు. వేరు నేలకు తగలకుండా తేలే పిస్టియా అంతరతామర అయింది. 19వ శతాబ్దం చివర బెంగాల్‌లో అడుగుపెట్టిన దక్షిణ అమెరికా మొక్క బుడగతామర అయింది. ఊళ్లో దాన్నే గుర్రపు డెక్క అంటారు. కాడ విరిస్తే లోపల అంతా గాలి నిండిన స్పాంజి, అందుకే బుడగ. అంతరతామర నీటికి అంటుకుని పరుచుకుంటుంది. ఆకు మీది మెత్తని నూగు నీటిచుక్కను నిలవనివ్వదు. ఒకదాన్ని పైకి లాగితే తీగకు వేలాడుతూ పిల్లమొక్కలూ వస్తాయి.

ఈ రెంటికీ కావలసింది ఒకటే: మురుగుతో వచ్చే నత్రజని, భాస్వరం, పైన ఎండ. అక్కడే పోటీ. డెక్క మీటరు దాకా లేచి నీడ కమ్ముతుంది, అంతరతామర అడుగున నలిగిపోతుంది. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు రెంటినీ కలిపి పెంచి 2005లో ఫలితం ప్రకటించారు. డెక్క బలం అంతరతామరకు 23 రెట్లు. డెక్క రసం పీల్చే చిన్న నల్లిని వదిలితే ఆ బలం 10 రెట్లకు దిగింది. అంటే డెక్కను దెబ్బ తీసిన ప్రతిసారీ పక్కనున్న దానికి చోటు దొరుకుతుంది. మన దేశంలో 1980లలో డెక్క మీదికి వదిలిన నియోచెటినా ముక్కు పురుగు అంతరతామర జోలికి పోదు.

అంతరతామర మిగిలితే నష్టమేమిటి అనుకోవద్దు. మాన్సోనియా దోమ పిల్లలు నీటిపైకి రాకుండా మొక్కల వేళ్లకు గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయి. కేరళలో చేర్తల ప్రాంతంలో బోదకాలును ఎక్కువగా వ్యాపింపజేసింది ఆ దోమలే. అక్కడ బోదకాలు నివారణలో అంతరతామరను ఏరివేయడం కూడా ఒక పనిగా ఉండేది.

ఈ మొక్కలను ఆకాశం నుంచి చూసినా విడివిడిగా పోల్చుకోవడం కష్టం. షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం వారి గ్రౌండ్ స్టేషన్ ఉంది. ఉపగ్రహాలు పంపే చిత్రాలు అక్కడి పెద్ద యాంటెన్నాలకు అందుతాయి. పరారుణ కాంతిని ఎరుపుగా చూపే చిత్రంలో పచ్చని మొక్క ఏదైనా ఎర్రగానే పడుతుంది. డెక్క, అంతరతామర, అసలు తామర, అన్నీ నీటి మీద ఎర్ర మరకలే. ఏది ఎక్కడ ఉందో తేల్చాలంటే ఇంకా సూక్ష్మమైన కొలతలు కావాలి, కట్ట మీదికి మనిషీ వెళ్లాలి. మనం అన్నిటినీ కలిపి ‘గడ్డి’ అనేసినప్పుడూ అదే జరుగుతోంది. చెరువు శుభ్రం చేయించే పనిలో ఎన్ని లారీల గడ్డి తీశారన్నది లెక్క. ఏ మొక్క తీశారు, దాని కింద ఏది ఉంది, మురుగు కాలువ ఆగిందా అన్నది ఆ లెక్కలో ఉండదు. కాలువ పారుతున్నంత కాలం యంత్రాలు ఒక జాతిని మోసుకెళ్లి ఇంకోదానికి ఎండను అప్పగిస్తున్నాయి.

ఈ పోటీలో మొదట ఓడేది అసలు తామర, దాని పక్కన కలువ. వాటి దుంప బురదలో ఉంటుంది, లేత ఆకు నీటి అడుగునుంచి వెలుతురు వెతుక్కుంటూ రావాలి. తేలే మొక్కలు ఏ పేరుతో కమ్మినా దానికి దారి మూసుకుపోతుంది. అందుకని చెరువు పని కాగితంలో మొక్కల పేర్లు విడివిడిగా రాయాలి. డెక్క తీసిన నెలకు మళ్లీ వెళ్లి అంతరతామర ఏరడానికి అందులోనే డబ్బు పెట్టాలి. దుంపలున్న మూలలోకి యంత్రాన్ని దించకూడదు.