ఇల్లు రీవైరింగ్ రేటు ఊరికో రకం ఎందుకు? జవాబు గోడలోనే ఉంది!

మీ ఫోన్ ఛార్జర్‌ని ఒకసారి తిప్పి చూడండి. కొన్ని ఛార్జర్ల మీద సున్నా మధ్యలో "యూఎల్" అనే అక్షరాలు కనిపిస్తాయి. ఈరోజు మన కథలో ఆ గుర్తుకి కూడా ఒక పాత్ర ఉంది.

టాపిక్ ఏంటంటే, పాత ఇంటికి మళ్లీ కొత్తగా వైరింగ్ చేయించడం. అమెరికాలో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లని అడగండి. సైజు ఒకటే అయినా ఒక ఊళ్లో చెప్పిన రేటుకీ ఇంకో ఊళ్లో చెప్పిన రేటుకీ పొంతనే ఉండదు. రాగి తీగ ధర దేశమంతా ఇంచుమించు ఒకటే కదా, మరి తేడా ఎక్కడ? అసలు ఖర్చు తీగది కాదు. ఆ తీగ దగ్గరికి చేరుకోవడానికయ్యే కూలిది. ఆ కూలి ఎంతవుతుందో చాలావరకు ఆ ఇల్లు కట్టిన రోజునే తేలిపోయింది.

1882కి వెళ్దాం. ఆ ఏడాది సెప్టెంబర్ 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ నుంచి ఎడిసన్ కంపెనీ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి 1930ల దాకా ఇళ్లలో ఎక్కువగా వాడింది పింగాణీ గుబ్బల వైరింగ్. గోడ లోపల చెక్క దూలాలకి పింగాణీ గుబ్బలు బిగించి, వాటి మీదుగా రెండు తీగలు విడివిడిగా లాగేవాళ్లు. ఎర్త్ తీగ ఉండేది కాదు. తీగల వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోయేది. తర్వాత చలికి తట్టుకోవాలని జనం ఆ ఖాళీల్లో దూది లాంటి పదార్థం కూరారు. దాంతో వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. అందుకే ఇప్పుడు అలాంటి ఇళ్లకి చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీ ఇవ్వడానికి వెనకాడతాయి.

ఈ పాత ఇళ్లు ఈశాన్య రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. గోడలేమో సన్నటి చెక్క పట్టీల మీద సున్నం మెత్తినవి. తీగ మార్చాలంటే గోడ పగలగొట్టాలి, మళ్లీ మెత్తాలి, రంగు వేయాలి. దక్షిణాన, పడమటన ఇళ్లు చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టినవి. వాటి గోడలు జిప్సం బోర్డువి. కోయడం, అతికించడం తేలిక. దీనికి తోడు లైసెన్సులు, పర్మిట్లు, రోజు కూలీ కూడా ఊరిని బట్టి మారతాయి.

ఇక షికాగో. 1893లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. లక్ష దీపాలు వెలిగితే నిప్పు అంటుకుంటుందేమో అని ఇన్సూరెన్స్ వాళ్లకి భయం! తీగలు పరిశీలించడానికి విలియం మెరిల్ అనే యువ ఇంజనీర్ బోస్టన్ నుంచి వచ్చాడు. మరుసటి ఏడాది, అంటే 1894లో, అతను అక్కడే పెట్టిన పరీక్షల సంస్థే యూఎల్. మీ ఛార్జర్ మీది గుర్తు అదే అన్నమాట.

అమెరికాలో చాలాచోట్ల ఇళ్లలో ప్లాస్టిక్ తొడుగున్న కేబుల్ నేరుగా గోడలో వేసేయొచ్చు. షికాగోలో మాత్రం తీగలు ఇనుప పైపుల్లోనే వెళ్లాలని రూలు. కట్టేటప్పుడు ఇది ఖరీదే. కానీ పైపు బాగుంటే, తర్వాత పాత తీగ లాగేసి అదే దారిలో కొత్తది ఎక్కించొచ్చు, గోడ ముట్టుకోకుండానే. తాతలు పెట్టిన ఖర్చు మనవళ్లకి మిగిలిందన్నమాట.

దీనికి సరిగ్గా రివర్స్ కథ కూడా ఉంది. 1960ల మధ్యలో రాగి ధర పెరిగింది. కాంట్రాక్టర్లు డబ్బు మిగుల్చుకోవడానికి అల్యూమినియం తీగలు వేశారు. 1965 నుంచి 1973 దాకా కట్టిన చాలా ఇళ్లలో అవే. కాలం గడిచేకొద్దీ ఆ తీగల అతుకులు వదులై వేడెక్కాయి. 1972కి ముందు ఇలా అల్యూమినియంతో వైరింగ్ చేసిన ఇళ్లలో, అతుకులు మంట పుట్టించే స్థితికి చేరే అవకాశం రాగి తీగల ఇళ్ల కంటే 55 రెట్లు ఎక్కువని అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ కోసం చేసిన సర్వేలో తేలింది. అప్పుడు మిగిలిన డాలర్లు ఒకళ్ల జేబులోకి వెళ్లాయి, రిపేరు బిల్లు ఇంకొకళ్ల మీద పడింది.

మన దగ్గరికొద్దాం. మన పాత పెంకుటిళ్లలో గోడ మీద చెక్క పట్టీలు కొట్టి, వాటి మీదే తీగలు లాగారు. అందం తక్కువే, కానీ మార్చడం తేలిక. ఇప్పటి స్లాబ్ ఇళ్లలో గోడకి గాడి కొట్టి ప్లాస్టిక్ పైపులు దాస్తున్నాం. ఆ పైపు సన్నదైనా, వంపులు ఎక్కువైనా, సిమెంటుతో పూడుకుపోయినా రేపు కొత్త తీగ ఎక్కదు. గోడ పగలాల్సిందే.

కాబట్టి మీ ఇంట్లో పని జరుగుతుంటే రెండు పనులు చేయండి. పైపు ఒక సైజు పెద్దది వేయమని అడగండి. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడనీ మీ ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. రేపు ఎక్కడ పగలగొట్టాలో, ఎక్కడ మేకు కొట్టకూడదో ఆ ఫొటోనే చెబుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు మూడో పిన్నుకి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. స్విచ్ బోర్డు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా "తర్వాత చూద్దాంలే" అని మాత్రం వదిలేయకండి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!